పక్కపక్కనే అయిదు, దూరం దూరంగా మూడు: ఒక సోలార్ వారంటీ తగాదా మొదటి నుంచి చివరి దాకా

ఆ యజమాని ఫోన్ చేసినప్పుడు నన్ను అడిగింది ఒక్కటే. "ప్యానెళ్లకి 25 ఏళ్ల వారంటీ ఉందండీ. నాలుగో ఏడే కరెంటు తగ్గిపోయింది. వాళ్లు మార్చి ఇవ్వాలా, వద్దా?"

అప్పటికే ఆయన ముగ్గురి చుట్టూ తిరిగి అలిసిపోయి ఉన్నారు. ప్లాంటు పెట్టిన ఇన్‌స్టాలర్ "ప్యానెల్ లోపం, కంపెనీని అడగండి" అన్నాడు. ప్యానెల్ కంపెనీ "బిగించడంలో తప్పు, ఇన్‌స్టాలర్‌ని అడగండి" అని మెయిల్ పెట్టింది. ఇన్వర్టర్ కంపెనీ మాత్రం ఏ వాదనా లేకుండా రెండో ఏడులోనే ఇన్వర్టర్ మార్చి ఇచ్చింది. కొత్తదీ అదే ఎర్రర్ చూపిస్తోంది.

నేను చేసేది తనిఖీ. ప్యానెళ్లు అమ్మను, ప్లాంట్లు కట్టను. కొలిచి, చూసింది చూసినట్టు రాసి ఇస్తాను. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఒకే పైకప్పు మీద మూడు వేర్వేరు లోపాలున్నాయి, వాటికి బాధ్యులు కూడా ఒక్కరు కాదు. అందరూ అది ఒకే లోపం అనుకుని పోట్లాడుకున్నారు కాబట్టి ఎనిమిది నెలలు ఏమీ తేలలేదు.

ప్లాంటు సంగతి

రేకుల కప్పున్న చిన్న ఫ్యాక్టరీ. 330 వాట్ల ప్యానెళ్లు 120, అంటే 39.6 కిలోవాట్లు. ఇరవై ప్యానెళ్లకి ఒక స్ట్రింగ్ (ఒకదాని వెనక ఒకటి కలిపిన గొలుసు) చొప్పున ఆరు స్ట్రింగులు, మూడు ఎంపీపీటీలు (స్ట్రింగుల నుంచి వీలైనంత ఎక్కువ పవర్ లాగే ఇన్‌పుట్లు) ఉన్న ఒక ఇన్వర్టర్. ఒక్కో ఎంపీపీటీకి రెండు స్ట్రింగులు. డిజైన్‌లో నాకు తప్పేమీ కనిపించలేదు. ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (దేనికీ కలపనప్పుడు ఉండే వోల్టేజ్) 46, ఇరవైకి 920. చలికాలం ఉదయాన అది ఇంకొంచెం పెరిగినా ఇన్వర్టర్ పరిమితి 1100 దాటదు. డ్రాయింగు చక్కగా ఉంది, డీసీ వైపు సర్జ్ ప్రొటెక్షన్ (ఎస్పీడీ, ఒక్కసారిగా పెరిగే వోల్టేజ్‌ని భూమిలోకి మళ్లించే పరికరం) కూడా గీసి ఉంది. డ్రాయింగులు ఎప్పుడూ చక్కగానే ఉంటాయనుకోండి.

ఫైల్‌లో లేనివి రెండు. కమిషనింగ్ రోజు కొలతలు లేవు. ఏ సీరియల్ నంబరు ప్యానెల్ ఎక్కడ బిగించారో చెప్పే లేఅవుట్ లేదు. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ ఇచ్చిన 62446-1 స్టాండర్డ్ ప్రకారం ప్లాంటు అప్పగించే రోజున ప్రతి స్ట్రింగ్ వోల్టేజ్, కరెంట్, పోలారిటీ, ఎర్త్ కంటిన్యుటీ, ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచి కాగితం మీద పెట్టాలి. ఇక్కడ అప్పగింత కాగితం అంటే ఒక ఫోటో: అందరూ ఇన్వర్టర్ పక్కన నిలబడి నవ్వుతున్నారు.

పొద్దున్నే రాని కరెంటు

మొదటి రోజు నేనూ తప్పుదారి పట్టాను. మధ్యాహ్నం వెళ్లాను. మెగ్గర్‌తో 1000 వోల్టులు పెట్టి ఒక్కో స్ట్రింగ్ ఇన్సులేషన్ చూశాను. 500 వోల్టులు దాటిన సిస్టమ్‌కి కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. అన్నిటికన్నా తక్కువ వచ్చింది నాలుగో స్ట్రింగ్‌లో, అదీ 6 మెగాఓమ్‌లు. పాస్. ఇన్వర్టర్ ఎర్రర్ మాత్రం "ఐసొలేషన్ తక్కువ" అంటోంది, అంటే కరెంటు ఎక్కడో భూమిలోకి లీకవుతోందని. వోల్టేజ్ వల్ల ప్యానెళ్ల సెల్స్ మెల్లగా దెబ్బతినే పీఐడీ ఏమైనా ఉందేమోనని ఒక పూట దాని వెంట పడ్డాను. అది కాదు.

దారి చూపింది అక్కడి వాచ్‌మన్. "ఈ పెట్టె పొద్దున్న పూట పని చేయదు సార్, పది దాటితే దానంతటదే లేస్తుంది" అన్నాడు మామూలుగా. నాలుగేళ్ల సమాచారం ఆ ఒక్క మాటలో ఉంది. మర్నాడు ఆరింటికల్లా పైకప్పు మీద ఉన్నాను. రేకులు మంచుకి తడిసి జారుతున్నాయి. నాలుగో స్ట్రింగ్‌కి మెగ్గర్ పెడితే 0.03 మెగాఓమ్.

ఎక్కడ లీకవుతోందో పట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. డీసీ ఐసొలేటర్ ఆపి, స్ట్రింగ్‌ని ఇన్వర్టర్ నుంచి విడదీసి, మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీస్తే చాలు. కాస్త ఎండెక్కాక, తడి ఇంకా ఆరకముందు తీశాను. రెండు చివరల మధ్య 854 వోల్టులు. ప్లస్ నుంచి ఎర్త్‌కి 598. మైనస్ నుంచి ఎర్త్‌కి 256. ఇరవై ప్యానెళ్లు 854 ఇస్తున్నాయంటే ఒక్కోటి దాదాపు 42.7. మరి 256లో అవి ఎన్ని? ఆరు. అంటే మైనస్ చివర నుంచి ఆరో ప్యానెల్‌కీ ఏడో ప్యానెల్‌కీ మధ్య ఎక్కడో తీగ భూమిని తాకుతోంది.

వెళ్లి చూస్తే అక్కడ వరుస మారుతోంది. ఒక వరుస చివరి ప్యానెల్ నుంచి పక్క వరుసకి జంపర్ కేబుల్ వేశారు. ప్యానెళ్ల మధ్య ఫ్యాక్టరీ కనెక్టర్లే ఒకదాంట్లో ఒకటి దిగుతాయి కాబట్టి వాటితో గొడవ ఉండదు. జంపర్‌కి మాత్రం కనెక్టర్లని అక్కడే, చేత్తో, క్రింప్ చేయాలి, అంటే టూల్‌తో నొక్కి బిగించాలి. ఆ జాయింట్ రేకు పల్లంలో, నీళ్లు పారే చోట పడి ఉంది. ఊడదీస్తే లోపల పచ్చగా చిలుం పట్టిన కాంటాక్ట్. వెనక నట్ బిగించలేదు, రబ్బరు సీల్ కేబుల్‌ని పట్టుకోలేదు. మంచు పడితే తడి, ఎండెక్కితే పొడి. అందుకే పదింటి దాకా ఇన్వర్టర్ లేవదు, మధ్యాహ్నం వెళ్లిన నాకు ఏమీ కనపడలేదు. ఇన్వర్టర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. దాన్ని మార్చి పంపిన కంపెనీ ఖర్చు వృథా అయింది.

రెండు బ్రాండ్ల మధ్య జాయింట్

ప్యానెల్‌ది ఒక బ్రాండ్ కనెక్టర్, జంపర్‌ది ఇంకో బ్రాండ్. రెండూ ఎంసీ4 ఆకారమే, క్లిక్ మని దిగుతాయి. అలా దిగడం వల్లే అందరూ మోసపోయేది. ఎంసీ4 అనేది ఒక కంపెనీ తయారు చేసిన మోడల్. దాని కొలతలు ఇవీ అని అందరికీ వర్తించే స్టాండర్డ్ ఏదీ లేదు. "ఎంసీ4 కంపాటిబుల్" అన్న మాట అమ్మేవాడు రాసుకున్నదే తప్ప, రెండు కంపెనీలూ కలిసి పరీక్షించి ఇచ్చిన హామీ కాదు. లోహం వేరు, ప్లాస్టిక్ వేరు, వేడికి సాగే తీరు వేరు. జతపడే రెండూ ఒకే తయారీదారుడి ఒకే రకం అయి ఉండాలని ఐఈసీ 62548 అందుకే చెబుతుంది.

ఇలాంటి జాయింట్లు ఈ పైకప్పు మీద 36 ఉన్నాయని లెక్క తేలింది. ఎండ బాగా ఉన్నప్పుడు థర్మల్ కెమెరాతో అన్నిటినీ చూశాను. ఎక్కువ భాగం 41, 42 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అయిదో స్ట్రింగ్‌లో ఒకటి 78. దాని ప్లాస్టిక్ అంచు అప్పటికే మెత్తబడి గోధుమ రంగుకి తిరిగింది, కింద రేకు మీద మసి చార. మంచి కాంటాక్ట్ రెసిస్టెన్స్ 1 మిల్లీఓమ్‌కి లోపే ఉంటుంది. ఇందులో 50 మిల్లీఓమ్‌లు ఉన్నాయనుకోండి, 8.7 ఆంపియర్లకి దాదాపు 3.8 వాట్లు. చూడ్డానికి చిన్న అంకె. కానీ బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టంలో, రోజంతా, నాలుగేళ్లు. డీసీలో ఆర్క్ మొదలైతే ఏసీలో లాగా సెకనుకి వంద సార్లు సున్నాకి రాదు, ఆరిపోదు. ఆ రోజు నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది ఇదొక్కటే. యజమానికి చెప్పి అయిదో స్ట్రింగ్‌ని అప్పటికప్పుడే ఆపించాను.

పైకప్పు మంటలు ఊహాగానాలు కావు. అమెరికాలో వాల్‌మార్ట్ 2019లో తన ఏడు స్టోర్ల పైకప్పు మంటల మీద టెస్లాని కోర్టుకి లాగింది. ఆ దావాలో ప్రధాన ఆరోపణ కూడా బిగింపులో, నిర్వహణలో అజాగ్రత్తే. అదే ఏడు రాజీ పడ్డారు.

ఇక బాధ్యత ఎవరిది? ప్యానెల్ వారంటీ ప్యానెల్‌కి, దానితో వచ్చిన కనెక్టర్‌కి. కేబుల్ వారంటీ కేబుల్‌కి. ఈ రెంటినీ కలిపిన జాయింట్ మాత్రం ఏ తయారీదారుడి కాగితంలోనూ ఉండదు. అది తయారైంది పైకప్పు మీద, ఇన్‌స్టాలర్ మనిషి చేతిలో. కాబట్టి దానికి తయారీదారుడు అతనే.

ఇన్‌స్టాలర్ వచ్చాడు. మొండివాడు కాదు. చిలుం పట్టిన కాంటాక్ట్ చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఆ రోజు మా దగ్గర కనెక్టర్లు అయిపోయాయండీ, దొరికినవి వాడేశారు. సబ్‌కాంట్రాక్ట్ వాళ్ల పని, నాకు తెలీదు" అన్నాడు. తెలియకపోవచ్చు. కానీ యజమానికి సంతకం పెట్టి ఇచ్చింది ఇతను, సబ్‌కాంట్రాక్టర్ కాదు.

అయిదు, మూడు

అసలు తగాదా ఇక్కడుంది. ఎనిమిది ప్యానెళ్లు నిజంగానే పాడయ్యాయి. ఇన్‌స్టాలర్ ఎనిమిదీ కంపెనీ లోపమే అంటాడు. కంపెనీ ఎనిమిదీ తమ లోపం కాదంటుంది.

అయిదింట్లో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ సుమారు మూడో వంతు తగ్గి, 42.7 ఉండాల్సింది 28.5 చూపిస్తోంది. ఇది చూడగానే డయోడ్ గుర్తుకి రావాలి. ఈ ప్యానెల్‌లో 72 సెల్స్, 24కి ఒకటి చొప్పున, పని చేయని సెల్స్‌ని తప్పించి కరెంట్‌కి పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్లు మూడు. ఒకటి షార్ట్ అయితే ఆ 24 సెల్స్ లేనట్టే. మిగతా మూడింట్లో వోల్టేజ్ బాగానే ఉంది, కానీ గాజు కింద సెల్స్‌ని కలిపే లోహపు రిబ్బన్ అతుకు దగ్గర గోరంత గోధుమ మచ్చ, వెనక షీట్ మీద సరిగ్గా అదే చోట బుడగ. టంకం సరిగా పట్టక, ఆ అతుకు దగ్గర కాలుతోంది.

సీరియల్ లేఅవుట్ లేదు కదా, 120 ప్యానెళ్ల లేబుళ్లూ కింద నుంచి ఫోన్‌తో స్కాన్ చేయాల్సి వచ్చింది. వెల్లకిలా పడుకుని, ఒక రోజంతా. నడుం పట్టేసింది గానీ కేసు తేలింది ఆ పనితోనే. పైకప్పు బొమ్మ ఒకటి, సీరియల్ నంబర్ల వరస ఒకటి పక్కపక్కన పెట్టుకున్నాను.

డయోడ్లు పోయిన అయిదూ రెండో స్ట్రింగ్‌లోనే, పక్కపక్కనే ఉన్నాయి. వాటి సీరియల్ నంబర్లు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేకుండా ఎక్కడెక్కడివో. మచ్చలొచ్చిన మూడూ దీనికి సరిగ్గా తిరగబడ్డాయి. పైకప్పు మీద ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల, ఇంకోటి మధ్యలో. సీరియల్ నంబర్లు మాత్రం ఒకటే బ్యాచ్, చివరి రెండంకెలే తేడా.

ప్యానెల్ తయారైన ఫ్యాక్టరీలో జరిగిన తప్పు ఆ ఫ్యాక్టరీ వరసలో కనిపిస్తుంది. పైకప్పు మీద జరిగింది పైకప్పు వరసలో కనిపిస్తుంది. ఒకే గంటలో ఒకే మెషిన్ మీద టంకం పెట్టిన మూడు ప్యానెళ్లు, ఆ తర్వాత ఏ చోట బిగించినా ఒకే చోట కాలాయి. ఎక్కడెక్కడి బ్యాచ్‌ల నుంచో వచ్చి పక్కపక్కన కూర్చున్న అయిదు ప్యానెళ్లలో ఒకేలా డయోడ్లు పోయాయంటే బయట నుంచి ఏదో వచ్చి కొట్టింది. చాలావరకు దగ్గరలో పడ్డ పిడుగు సర్జ్.

"పిడుగు మా చేతిలో లేదు కదండీ" అన్నాడు ఇన్‌స్టాలర్, కాస్త ఊపిరి పీల్చుకుని. వారంటీ కాగితాల్లో ప్రకృతి వైపరీత్యాలు మినహాయింపు, నిజమే. అయితే డ్రాయింగులో గీసిన ఎస్పీడీ సంగతి? డీసీ బాక్స్ మూత తీశాను. ఎస్పీడీ ఉంది. ప్లస్ తీగ వచ్చింది, మైనస్ తీగ వచ్చింది. ఎర్త్ టెర్మినల్ నుంచి ఒక జానెడు ఆకుపచ్చ తీగ బయటికొచ్చి, చుట్ట చుట్టి, బాక్స్ అడుగున పడుకుని ఉంది. రెండో కొస దేనికీ తగల్లేదు. సూచిక కిటికీ ఇంకా పచ్చగానే ఉంది, ఎందుకుండదు, అది ఒక్కసారి కూడా పని చేయలేదు మరి. అతను మూత వేసి, ఇంకేం మాట్లాడలేదు.

ఎస్పీడీ పని చేసి ఉంటే ఆ సర్జ్‌కి డయోడ్లు బతికేవని నేను ఒట్టు వేయలేను. రిపోర్టులో కూడా అలా రాయలేదు. ఒప్పందంలో ఇస్తానన్న రక్షణ ఇవ్వలేదు, నష్టం సరిగ్గా ఆ రక్షణ ఆపాల్సిన రకం అని రాశాను. అంతకు మించి రాస్తే ఎదుటి లాయర్ చేతికి కత్తి ఇచ్చినట్టే.

25 ఏళ్ల కాగితం

యజమాని ఆశ అంతా దీని మీదే. కూర్చోబెట్టి పేజీ పేజీ చదివాను. నిజానికి అందులో రెండు వారంటీలున్నాయి. వస్తువు లోపాలకి 12 ఏళ్లు. 25 ఏళ్లది సామర్థ్యానికి: మొదటి ఏడు చివర 97.5 శాతం, తర్వాత ఏటా 0.7 చొప్పున తగ్గుతూ 25వ ఏడుకి 80.7. నాలుగో ఏడుకి ఆ గీత 95.4 దగ్గర ఉంటుంది.

ముందు ఒక స్ట్రింగ్‌ని కడగకుండా, తర్వాత కడిగి కొలిచాం. దుమ్ముకే 7 శాతం కరెంట్ పోతోంది. ఇది ఎవరి వారంటీలోనూ లేదు. కడిగాక, మంచి ప్యానెళ్ల ఐవీ కర్వ్‌లు (వోల్టేజ్‌తో కరెంట్ ఎలా మారుతుందో చూపే గీతలు) తీసి చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ, 25 డిగ్రీల లెక్కకి మార్చితే సగటు 94.8 శాతం. "95.4 కన్నా తక్కువే కదండీ!" అని ఆయన ముఖం వెలిగింది. ఆ కాగితంలోనే కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: కొలత అనిశ్చితి కొనుగోలుదారు భరించాలి, పరీక్ష గుర్తింపు పొందిన ల్యాబులో జరగాలి. పైకప్పు మీద తీసిన ఐవీ కర్వ్‌కి అయిదు శాతం అటూ ఇటూ మామూలే. 0.6 శాతం తేడాతో క్లెయిమ్ నిలబడదు. 2,000కి పైగా కొలతల్ని కలిపి చూసిన అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల (ఎన్ఆర్ఈఎల్) సమీక్షలో ఏటా తగ్గుదల మధ్యస్థం 0.5 శాతం అని తేలింది. అంటే వారంటీ గీతని కంపెనీలు మామూలు ప్యానెల్ ఎలాగూ దాటేటట్టే గీస్తాయి. సామర్థ్యం వారంటీ మీద గెలిచిన క్లెయిములు నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వస్తువు లోపం మీద గెలిచినవి చాలా చూశాను. అందుకే కొనేవాళ్లు 25 అన్న అంకె వదిలేసి 12 అన్న అంకె చూడాలంటాను.

"సర్టిఫికేట్ ఉంది కదా, పరీక్షలు పాసయ్యాయి కదా" అన్నది ఆయన తర్వాతి ప్రశ్న. ఐఈసీ 61215లో మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు వేడి చల్లార్పులు, 85 డిగ్రీల వేడి 85 శాతం తేమలో 1000 గంటలు, 25 మిల్లీమీటర్ల మంచు గుండు సెకనుకి 23 మీటర్ల వేగంతో. మొదటి ఏళ్లలోనే రాలిపోయే డిజైన్లని ఇవి బాగా పట్టుకుంటాయి. పరీక్షకి వెళ్లేది కొన్ని నమూనాలు, ఒక మధ్యాహ్నం టంకం సరిగా పట్టని మూడు ప్యానెళ్లు కాదు.

కంపెనీ ఉంటేనే కాగితానికి విలువ అన్నది వేరే కథ. ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద ప్యానెల్ కంపెనీల్లో ఉన్న క్యూ-సెల్స్ 2012లో, సన్‌టెక్ ప్రధాన యూనిట్ 2013లో, సోలార్‌వరల్డ్ 2017లో దివాలా తీశాయి. ఈ కేసులో అదృష్టం, కంపెనీ బతికే ఉంది.

ఎవరు ఏం ఇచ్చారు

మూడు ప్యానెళ్లకి ఫోటోలు, థర్మల్ చిత్రాలు, సీరియల్ పట్టిక జత చేసి పంపితే కంపెనీ పదిహేను రోజుల్లో ఒప్పుకుంది. ఎనిమిదింటికీ కలిపి అడిగినప్పుడు ఎనిమిదీ కాదన్నవాళ్లే. కానీ ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. వాళ్లు పంపుతామన్న కొత్త ప్యానెల్ సైజు వేరు, కరెంట్ 13 ఆంపియర్లు. పాత స్ట్రింగ్‌లో సిరీస్‌గా పెడితే పాతవాటి 8.7కే నడుస్తుంది, ఫ్రేమూ కుదరదు. మారుస్తారా, డబ్బు ఇస్తారా అన్నది కంపెనీ ఇష్టమని వారంటీలోనే ఉంది. వాడిన ఏళ్లు తగ్గించి డబ్బు ఇచ్చారు. విప్పే కూలీ, రవాణా మినహాయింపు.

అయిదింటి ఖరీదు ఇన్‌స్టాలర్ ఇచ్చాడు. తేలిగ్గా ఇవ్వలేదు. అతని వర్క్‌మన్‌షిప్ (పనితనం) వారంటీ అయిదేళ్లు, గడువు ఇంకా ఉంది. అయినా "ఇప్పుడు చెబితే ఎలా, మొదట్లో బాగానే ఉంది కదా" అని వాదించాడు. పాత ఇన్వర్టర్‌తో పాటు దాని మెమరీలోని లాగ్ కూడా వెళ్లిపోయింది. మిగిలింది కంపెనీ క్లౌడ్ పోర్టల్. దాని పాస్‌వర్డ్ అడిగితే, అకౌంటు ఇన్‌స్టాలర్ పేరు మీద ఉంది! యజమానికి తన ప్లాంటు డేటా చూసే దారే లేదు. ఇన్వర్టర్ కంపెనీకి రాసి అకౌంటు మార్పించుకునేసరికి ఇంకో పది రోజులు. తెరిచి చూస్తే మొదటి ఐసొలేషన్ ఎర్రర్, ప్లాంటు మొదలైన మూడు వారాలకే. ఆ తర్వాత వాదన లేదు.

యజమాని వైపు కూడా తప్పుంది, అదీ రాశాను. తగాదా నడిచిన ఎనిమిది నెలలూ ఎవరికీ రాతపూర్వకంగా చెప్పలేదు, ఫోన్లే. పైగా కడిగే మనుషులు ప్యానెళ్ల మీద నడుస్తున్నారు, గాజు మీద బూటు ముద్రలు నేనే చూశాను. ఆ పగుళ్లు రేపు బయటపడితే ఏ కంపెనీ ఒప్పుకోదు.

మరమ్మతులో ఒక విషయం జాగ్రత్తగా చేయించాను. బ్రాండ్లు కలవలేదని ప్యానెల్ కనెక్టర్ కోసి కొత్తది పెట్టబోయాడు టెక్నీషియన్. ఆపాను. ఫ్యాక్టరీ కనెక్టర్ కోస్తే ఈ కంపెనీ వారంటీ పోతుంది. ప్యానెల్ మీద ఉన్న బ్రాండువే తెప్పించి, జంపర్, హోమ్‌రన్ (స్ట్రింగ్ చివర నుంచి ఇన్వర్టర్ దాకా వెళ్లే) కేబుళ్ల వైపు మార్చాం. 36 జాయింట్లూ, సరైన క్రింపింగ్ టూల్‌తో, రేకు తగలకుండా పైకి కట్టి. మిగిలిన 112 ప్యానెళ్లని నాలుగు స్ట్రింగులు ఇరవై చొప్పున, రెండు పదహారు చొప్పున సర్దాం. పదహారువి రెండూ ఒకే ఎంపీపీటీ మీదే ఉండాలి, లేకపోతే పొడవు స్ట్రింగ్ పక్కన పొట్టిది నష్టపోతుంది. ఎస్పీడీ ఆకుపచ్చ తీగ రెండో కొస ఇప్పుడు ఎర్త్ బార్‌కి ఉంది.

నాలుగేళ్లూ పొద్దున్న పూట పోయిన కరెంటుకి నష్టపరిహారం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అన్ని కాగితాల్లోనూ పర్యవసాన నష్టాలు మినహాయింపే. ఇన్‌స్టాలర్ మీద దావా వేయాలా అని ఆయన ఇంకా లాయరుతో మాట్లాడుతున్నారు.

పని అయిన మూడో వారం, బాగా మంచు పడ్డ ఒక ఉదయం, ఆయన నుంచి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. కొత్త పోర్టల్ అకౌంటు, ఆయన పేరు మీదే. ఇన్వర్టర్ 6:24కి లేచింది. నాలుగో స్ట్రింగ్ ఇన్సులేషన్ నేను మళ్లీ వెళ్లి తడి రేకు మీద కొలిచాను, 11 మెగాఓమ్. ఈసారి ఆ అంకె ఫైల్‌లో ఉంది, తేదీతో, ఇన్‌స్టాలర్ సంతకంతో.